పాత మాన్‌స్టర్, సైఫై సినిమాల సంగీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

1930ల నుంచి 60ల దాకా తక్కువ డబ్బుతో తీసిన రాక్షస జంతువుల సినిమాలు, గ్రహాంతరవాసుల సినిమాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతున్నాయి. వాటి సంగీతం ఊసెత్తితే చాలు, దాదాపు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నింటినీ ఒక్కచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే, మీకు కావలసిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఆ బొమ్మల్ని చూస్తేనే నవ్వొస్తుంది. ఇక సంగీతం గురించి చెప్పుకోడానికి ఏముంటుంది?

బొమ్మకు డబ్బు చాలని చోట భయపెట్టే పని మొత్తం సంగీతం మీదే పడింది. అందుకే చెప్పుకోవాలి. 1953 నాటి 'రోబోట్ మాన్‌స్టర్' చూడండి. దాదాపు 16 వేల డాలర్లతో, నాలుగు రోజుల్లో తీసేశారు. రోబో వేషం తయారు చేయించే స్తోమత లేక నటుడికి గొరిల్లా సూటు తొడిగి, తలకు సముద్రంలో దిగేవాళ్ల హెల్మెట్ లాంటిది పెట్టారు. లాస్ ఏంజిలిస్‌లోని బ్రాన్సన్ కాన్యన్ రాళ్ల మధ్య ఆ ఆకారం బరువుగా అటూ ఇటూ నడుస్తుంది. వెనక ఆర్కెస్ట్రా మాత్రం ఎక్కడా చులకనగా వాయించదు, నిజంగానే లోకం మునిగిపోతోందన్నంత నిష్ఠగా వాయిస్తుంది. ఆ సంగీతం చేసినాయన ఎల్మర్ బెర్న్‌స్టీన్. మూడేళ్ల తర్వాత 'ది టెన్ కమాండ్‌మెంట్స్'కు సంగీతం ఇచ్చిందీ ఆయనే. చేతిలో ఉన్న సినిమా ఏదైనా ఆయన పనిలో లోటు చేయలేదు. ఈ సినిమాల సంగీతాన్ని నేను ఇష్టపడటానికి మొదటి కారణం అదే.

ఏ సినిమాతో మొదలుపెడితే బాగుంటుంది?

1954లో యూనివర్సల్ తీసిన 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్'తో. అందులో హీరోయిన్ నీటి పైన ఈదుతుంటే, అడుగున ఆ జలచరం ఆమెతో సమానంగా ఈదే సీన్ ఒకటుంది. ఒక్క డైలాగ్ ఉండదు. ఆమె సంగతి ఆమెది, దాని సంగతి దానిది. ఆమె చేతులు చాచినప్పుడల్లా కింద అదీ చాస్తుంది, ఆమెకు మాత్రం ఏమీ తెలియదు. ఈ సీన్‌ని ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి, తర్వాత సౌండ్ పెట్టి చూడండి. సౌండ్ లేకుండా చూస్తే రబ్బరు సూటు వేసుకున్న ఈతగాడు కనిపిస్తాడు. సౌండ్ పెట్టాక ఆశ, ఒంటరితనం, ముప్పు మూడూ ఒకేసారి తగులుతాయి. సినిమాలో సంగీతం ఏం చేస్తుందో దీనికంటే తేలిగ్గా చూపించే సీన్ నాకు తెలియదు.

నాకు సంగీతం రాదు, స్వరాలు గుర్తుపట్టలేను. అయినా వినొచ్చా?

నిక్షేపంగా వినొచ్చు. ఈ సంగీతం మామూలు ప్రేక్షకుడి కోసమే తయారైంది. మొదట్లో రెండు విషయాలు గమనిస్తే చాలు. మాన్‌స్టర్ తెర మీద లేనప్పుడు కూడా దాని ట్యూన్ ఎక్కడైనా వినిపిస్తోందా? సంగీతం ఉన్నట్టుండి ఎక్కడ ఆగిపోతోంది? చాలాసార్లు అసలు భయం ఆ ఆగిన చోటే ఉంటుంది.

ఇదంతా ఎవరితో మొదలైంది?

1933 నాటి 'కింగ్ కాంగ్'కు సంగీతం చేసిన మాక్స్ స్టైనర్‌తో అని చెప్పుకోవచ్చు. అది చిన్న సినిమా కాదు. అయినా సంగీతం దగ్గరికి వచ్చేసరికి ఆర్కేఓ స్టూడియో చెయ్యి బిగబట్టి, పాత ట్రాకులతో సర్దుకోమంది. నిర్మాత మెరియన్ కూపర్ ఒప్పుకోకుండా, ఖర్చు తాను భరిస్తానని కొత్త సంగీతం చేయించాడు. కాంగ్ అంటే ఓ చిన్న బొమ్మ, దాన్ని ఒక్కో ఫ్రేమ్‌కీ కాస్త కాస్త కదిపి తీశారు. దానికి బరువునీ బాధనీ ఇచ్చింది స్టైనర్ ఆర్కెస్ట్రానే. ఆ తర్వాత వచ్చిన ప్రతి పెద్ద జంతువు సినిమాలోనూ ఆ నమూనా వినిపిస్తుంది.

1931 డ్రాక్యులాలో సంగీతమే లేదు. నేను చూసిన ప్రింట్‌లో ఏమైనా లోపమా?

ప్రింట్‌లో లోపం ఏమీ లేదు. టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' నుంచి ఒక ముక్క వస్తుంది, కథలో కచేరీ హాలు సీన్‌లో కాస్త సంగీతం ఉంటుంది. మిగతా సినిమా దాదాపు నిశ్శబ్దమే. టాకీలు వచ్చిన కొత్తలో కథలో లేని ఆర్కెస్ట్రా వెనక నుంచి ఎందుకు మోగుతుందని ప్రేక్షకుడు అయోమయపడతాడేమోనని నిర్మాతలు సందేహించేవారు. 'స్వాన్ లేక్' ముక్కనే మరుసటి ఏడాది 'ది మమ్మీ' టైటిల్స్‌కీ వాడుకున్నారు. తర్వాత 1990ల చివర్లో ఫిలిప్ గ్లాస్ ఈ 'డ్రాక్యులా'కు కొత్త సంగీతం రాస్తే, క్రోనోస్ క్వార్టెట్ వాయించింది. కొన్ని డిస్కుల్లో ఆ ట్రాక్ కూడా పెడతారు. నా మట్టుకు ముందు ఆ నిశ్శబ్దంతోనే చూడమంటాను.

## చూస్తూ వింటున్నప్పుడు

'ఊఊ' అని వణుకుతూ జారే ఆ శబ్దం ఏ వాయిద్యానిది?

థెరెమిన్. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ టెర్మెన్ అనే భౌతికశాస్త్రవేత్త తయారు చేశాడు. చూడ్డానికి ఒక పెట్టె, దానికి రెండు యాంటెన్నాలు. ఒకటి నిలువు కడ్డీ, రెండోది పక్కకు పెట్టిన వంపు తీగ. వాయించేవాడు దేన్నీ తాకడు. కుడిచెయ్యి కడ్డీకి దగ్గర చేస్తే శ్రుతి పైకి పోతుంది, ఎడమచెయ్యి వంపు తీగకు దగ్గర చేస్తే శబ్దం తగ్గుతుంది. లోపల మన చెవికి అందనంత ఎత్తు ఫ్రీక్వెన్సీలో రెండు ఆసిలేటర్లు, అంటే కంపనాలు పుట్టించే సర్క్యూట్లు, పనిచేస్తుంటాయి. చెయ్యి కదిలితే ఒకదాని ఫ్రీక్వెన్సీ మారుతుంది, ఆ రెండింటి మధ్య తేడాయే మనకు స్వరంగా వినిపిస్తుంది. మెట్లు లేవు కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారక తప్పదు. అప్పటి అమెరికా ప్రేక్షకుడికి ఆ జారుడే వింత. గమకాలకు అలవాటుపడ్డ మన చెవికి అందులో వింత కొంచెం తక్కువ, అందం ఎక్కువ కనిపిస్తాయని నా అనుభవం.

హాలీవుడ్‌లో థెరెమిన్ వాయించింది ఎవరు?

చాలామటుకు ఒక్కరే, డాక్టర్ శామ్యూల్ హాఫ్‌మన్. వృత్తిరీత్యా పాదాల వైద్యుడు. 1945లో హిచ్‌కాక్ 'స్పెల్‌బౌండ్'కు మిక్లోస్ రోజా థెరెమిన్ వాడి ఆస్కార్ తెచ్చుకున్నాక, ఆ శబ్దం కావలసిన ప్రతివాళ్లూ హాఫ్‌మన్‌కే కబురు పెట్టారు. 1951లో డిమిట్రీ టియోమ్‌కిన్ చేసిన 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్'లోనూ, అదే ఏడాది బెర్నార్డ్ హెర్మన్ చేసిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'లోనూ వాయించింది ఆయనే. హెర్మన్ అయితే ఒకటి చాలదని రెండు థెరెమిన్లు పెట్టించాడు. మామూలు వయొలిన్ బృందాన్ని పక్కనపెట్టి కరెంటు వయొలిన్, ఆర్గన్లు, వైబ్రాఫోన్లు, ట్యూబాలతో ఒక విచిత్రమైన ఆర్కెస్ట్రా కట్టాడు. ఆ సినిమా పెద్ద స్టూడియోది. చిన్న సినిమాలవాళ్లు అంత ఆర్కెస్ట్రా పెట్టలేక, అందులోంచి ఒక్క థెరెమిన్‌నే తెచ్చుకున్నారు.

అయితే 50ల సైఫై అన్నింట్లో థెరెమిన్ ఉన్నట్టేనా?

కాదు. అందరికీ ఇలాగే గుర్తుండిపోయింది గానీ వరసగా పది సినిమాలు వింటే తేడా తెలిసిపోతుంది. ఈ సినిమాల్లో మాన్‌స్టర్లకు అసలు గొంతు ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబాలే. ఆర్కెస్ట్రాలో మనుషులు తక్కువైనా ఇత్తడి వాయిద్యాలు నాలుగుంటే గది నిండిపోతుంది, తక్కువ ఖర్చుతో భారీగా వినిపిస్తుంది. వణికే శబ్దాల్లో కూడా కొన్ని హామండ్ ఆర్గన్‌వీ, నోవాకార్డ్ అనే పాత ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌వీ. 50ల చివర్లో పాల్ టానర్ అనే ట్రాంబోన్ కళాకారుడు, తేలిగ్గా శ్రుతి పట్టేలా ఒక జరిపే పట్టీ ఉన్న ఎలక్ట్రో థెరెమిన్ వాడటం మొదలుపెట్టాడు. అది గాలిలో చేతులు ఆడించే వాయిద్యం కాదు, శబ్దం మాత్రం అచ్చం అలాగే ఉంటుంది.

'నాగిన్' సినిమాలో బీన్ కూడా థెరెమినేనా?

కాదు, అది క్లావియోలిన్. 1954 నాటి హిందీ 'నాగిన్'కు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. ఆ బీన్ శబ్దాన్ని క్లావియోలిన్ మీద వాయించింది కల్యాణ్‌జీ, తర్వాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీ జంటగా పేరు తెచ్చుకున్నాయన. క్లావియోలిన్‌కు చిన్న కీబోర్డ్ ఉంటుంది, వేళ్లతో నొక్కాలి. అమెరికాలో గ్రహాంతరవాసికి కరెంటు వాయిద్యం వాడుతున్న రోజుల్లోనే మన దగ్గర పాము కోసం ఇంకో కరెంటు వాయిద్యం వాడారన్నమాట.

క్రీచర్ కనిపించినప్పుడల్లా అవే మూడు స్వరాలు ఎందుకు కొడతారు?

ప్రేక్షకుడికి అలవాటు చేయడానికి. 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్'లో ట్రంపెట్లు గట్టిగా కొట్టే ఆ మూడు స్వరాల బిట్ హెర్మన్ స్టైన్ రాసింది. జలచరం పూర్తిగా కనిపించడానికి చాలాసేపు పడుతుంది. అంతవరకూ నీళ్లలోంచి గట్టు మీదికి వచ్చే గోళ్ల చెయ్యి ఒక్కటే చూపిస్తారు, చూపించినప్పుడల్లా ఈ మూడు స్వరాలు వేస్తారు. నాలుగుసార్లు విన్నాక, చెయ్యి కనిపించకపోయినా ట్రంపెట్ మోగితే చాలు, అది దగ్గర్లోనే ఉందని మనకే తెలిసిపోతుంది. సూటు చూపించే ఖర్చు, శ్రమ రెండూ మిగిలాయి. మరీ ఎక్కువసార్లు వాడారని విమర్శించేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది, రెండో సగంలో నాకూ అలాగే అనిపిస్తుంది.

ఈ బిట్ వేరే సినిమాలో విన్నాను. కాపీ కొట్టారా?

కాపీ అనలేం. స్టూడియో తన సొంత సరుకునే మళ్లీ వాడుకుంది. జీతానికి పనిచేసే సంగీత దర్శకులు రాసిన ప్రతి బిట్టూ స్టూడియో ఆస్తే. కొత్త సినిమాకు సంగీతం కావాలంటే మ్యూజిక్ ఎడిటర్ పాత బిట్లు తీసి సీన్లకు అతికేవాడు, లేదా పాత నొటేషన్ కాగితాలు తీయించి మళ్లీ వాయింపించేవారు. ఫ్రాంజ్ వాక్స్‌మన్ 1935లో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'కు చేసిన సంగీతం, తర్వాత అదే స్టూడియో తీసిన ఫ్లాష్ గోర్డన్ సీరియల్‌లో అంతరిక్ష సాహసాల వెనక మోగింది. మరీ విచిత్రమైన సంగతి 1963లో జరిగింది. జపాన్ సినిమా 'కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా'ను యూనివర్సల్ అమెరికాలో విడుదల చేస్తూ, అకీరా ఇఫుకుబే చేసిన సంగీతాన్ని దాదాపు మొత్తం తీసేసి తన దగ్గరున్న పాత బిట్లు అతికించింది. వాటిలో బ్లాక్ లగూన్ సంగీతం కూడా ఉంది. ఇఫుకుబేకు అది పెద్ద అన్యాయమనే అంటాను. ఆ సినిమాను జపాన్ వెర్షన్‌లోనే వినాలి.

గాడ్జిల్లా అరుపు ఏ జంతువుది?

ఏ జంతువుదీ కాదు. కాంట్రాబాస్ అనే నిలువెత్తు తీగ వాయిద్యంది. 1954 నాటి 'గోజిరా' (గాడ్జిల్లాకు జపాన్ పేరు) కోసం ముందు నిజమైన జంతువుల అరుపులు ప్రయత్నించారు, కుదరలేదు. అప్పుడు సంగీత దర్శకుడు ఇఫుకుబే కాంట్రాబాస్ తీగను వదులు చేయించి, జిగురు రాసిన తోలు గ్లోవ్‌తో దాన్ని రుద్దించాడు. ఆ రికార్డింగ్‌ను వేగం తగ్గించి వినిపిస్తే వచ్చిందే ఆ అరుపు. గొంతులోంచి కాకుండా భూమిలోంచి వచ్చినట్టుండే ఆ గరగర వెనక ఉన్నది వట్టి తీగ, తోలు. ఇఫుకుబే హొక్కైడో దీవిలో పుట్టి పెరిగాడు. అక్కడి ఐనూ తెగల పాటలు చిన్నప్పటి నుంచీ విన్నాడు, సంగీతం చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. ఒకే చిన్న స్వరాల ముక్కను తిప్పి తిప్పి వాయిస్తూ ఉధృతి పెంచే ఆయన పద్ధతి వినగానే గుర్తుపట్టేయొచ్చు. అందరూ గాడ్జిల్లా థీమ్ అనుకునే ఆ కవాతు బాణీ మొదటి సినిమాలో మోగింది గాడ్జిల్లాకు కాదు, దాని మీదికి వెళ్లే సైన్యానికి.

'ది బ్లాబ్' ఏమో భయం సినిమా, టైటిల్ పాట ఏమో డాన్స్ పాటలా ఉంది. ఎందుకలా?

1958లో ఆ సినిమా లక్ష్యం కారుల్లో వచ్చి చూసే కుర్రకారు. వాళ్లను ఆకట్టుకోడానికి టైటిల్స్ మీద హుషారైన పాట పెట్టారు. బాణీ బర్ట్ బకరాక్‌ది, రాసింది మాక్ డేవిడ్. పాడింది 'ఫైవ్ బ్లాబ్స్' అని వేశారు గానీ, బెర్నీ నీ అనే ఒక్క గాయకుడే తన గొంతు మీద తనే పాడి బృందంలా వినిపించాడు. పాట బిల్‌బోర్డ్ జాబితాలో 33వ స్థానం దాకా వెళ్లింది. సినిమా లోపలి సంగీతం మాత్రం రాల్ఫ్ కార్మైకేల్‌ది, క్రైస్తవ భక్తి సంగీతంలో పెద్ద పేరున్నాయన. ఆ బాణీ అయిపోయి ఆయన సంగీతం మొదలయ్యే చోట కాస్త చెవిపెట్టండి, ఒక్కసారిగా గాలి మారుతుంది.

కొన్నిచోట్ల మ్యూజిక్ సీన్‌కి అస్సలు అతకదు. ఎందుకు?

ఆ సీన్ కోసం చేసింది కాకపోవడం వల్ల. రెడీమేడ్ బిట్ నిడివి నిమిషంన్నర ఉండి సీన్ నిమిషమే ఉంటే, బిట్‌ను మధ్యలో కోసేస్తారు. సీన్ పెద్దదైతే మళ్లీ మొదటి నుంచి వేస్తారు. తలుపు తీసి లోపలికి రావడం లాంటి మామూలు పనికి భూకంపం స్థాయి డ్రమ్స్ మోగడానికి కారణం అదే.

## సంగీతం ఎలా తయారయ్యేది

డబ్బే లేదంటున్నారు, మరి ఆర్కెస్ట్రా ఎక్కడి నుంచి వచ్చింది?

అది ఎవరు తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది. యూనివర్సల్, కొలంబియా లాంటి స్టూడియోలకు సొంత మ్యూజిక్ డిపార్ట్‌మెంట్, నెల జీతాల వాయిద్యకారులు ఉండేవారు. సినిమా చిన్నదైనా ఆర్కెస్ట్రా ఎలాగూ ఉంది కాబట్టి వాడుకునేవారు. బ్లాక్ లగూన్, 'దిస్ ఐలాండ్ ఎర్త్', 'టరాంటులా' అంత నిండుగా వినిపించడానికి కారణం అదే. సొంతంగా తీసే చిన్న నిర్మాతలకు ఆ వసతి లేదు. వాళ్లు పదీ ఇరవై మందితో ఒకటి రెండు పూటల్లో రీరికార్డింగ్ ముగించేవారు. అదీ కుదరకపోతే లైబ్రరీ మ్యూజిక్ కొనేవారు. స్టూడియోల పద్ధతి కూడా 1958 దాకానే. ఆ ఏడాది హాలీవుడ్ వాయిద్యకారులు సమ్మె చేశారు, హిచ్‌కాక్ 'వెర్టిగో' సంగీతం కూడా లండన్, వియన్నాలకు పోయి రికార్డ్ చేయించాల్సి వచ్చింది. ఆ సమ్మె తర్వాత నెల జీతాల ఆర్కెస్ట్రాలు పోయాయి.

లైబ్రరీ మ్యూజిక్ అంటే ఏమిటి?

ఏ సినిమాకీ కాకుండా ముందే రికార్డ్ చేసి పెట్టిన బిట్ల నిల్వ. 'అనుమానం', 'వెంటాడటం', 'విషాదం' అంటూ భావాల వారీగా వర్గాలుంటాయి, కొద్ది డబ్బు కట్టి వాడుకోవచ్చు. ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' సంగీతం అంతా ఇలాంటిదే. గోర్డన్ జాలర్ అనే ఆయన బిట్లు ఏరి అతికాడు, వాటిలో బ్రిటన్‌లో తయారైనవి కూడా ఉన్నాయి. 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో వాడింది క్యాపిటల్ కంపెనీ వారి హై-క్యూ లైబ్రరీ. అందులోని కొన్ని బిట్లే 1959లో 'టీనేజర్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే అతి చిన్న సినిమాలోనూ ఉన్నాయి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. ఒకదాంట్లో తేలిపోయిన అదే బిట్ రెండోదాంట్లో ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏ శబ్దంతో కలపాలి అన్నది తెలిసిన చేతిలో పడితే రెడీమేడ్ సంగీతం కూడా ప్రాణం పోసుకుంటుంది. లైబ్రరీ అనగానే చప్పరించేసేవాళ్లతో నేను ఏకీభవించనిది అందుకే.

యూనివర్సల్ సినిమాల టైటిల్స్‌లో సంగీతం దగ్గర జోసెఫ్ గెర్షెన్సన్ అని ఉంది. అన్నీ ఆయనే చేశాడా?

లేదు. ఆయన యూనివర్సల్ సంగీత విభాగం అధిపతి, పర్యవేక్షకుడిగా పేరు పడేది. స్వరాలు రాసినవాళ్లు వేరే. బ్లాక్ లగూన్‌కు హెన్రీ మాన్సినీ, హాన్స్ సాల్టర్, హెర్మన్ స్టైన్ సీన్లు పంచుకుని రాశారు, ముగ్గురి పేర్లూ తెర మీద లేవు. విడుదల తేదీ నెత్తి మీద ఉంటే ఒక్కరే మొత్తం రాయడం కుదరదు, అందుకే ఆ పంపకం. ఎవరు ఏది రాశారో ఇవాళ తెలియడానికి కారణం క్యూ షీట్లు. రాయల్టీ లెక్కల కోసం ప్రతి బిట్ పేరు, నిడివి, రాసినవారి పేరు వాటిలో నమోదు చేసేవారు. ప్రేక్షకుడికి చెప్పని పేర్లు లెక్కల కాగితాల్లో బతికాయి. ఈ సినిమాల గురించి రాసేటప్పుడు దయచేసి ఆ ముగ్గురి పేర్లూ రాయండి.

పేరున్న సంగీత దర్శకులు ఎవరైనా ఇలాంటి సినిమాలు చేశారా?

చాలామందే. 'మూన్ రివర్', 'పింక్ పాంథర్'ల మాన్సినీ 1950ల్లో చాలాకాలం యూనివర్సల్ ఉద్యోగి, పెద్ద సాలీళ్లకూ గ్రహాంతరవాసులకూ బిట్లు రాస్తూ పని నేర్చుకున్నాడు. ఎల్మర్ బెర్న్‌స్టీన్ కథ వేరు. కమ్యూనిస్టుల వేట నడుస్తున్న రోజుల్లో ఆయన మీద అనుమానపు నీడ పడి పెద్ద సినిమాలు ఆగిపోయాయి. అప్పుడే 'రోబోట్ మాన్‌స్టర్', 'క్యాట్ విమెన్ ఆఫ్ ది మూన్' చేశాడు. రెండోదాని టైటిల్స్‌లో ఆయన పేరు స్పెల్లింగ్ కూడా తప్పు పడింది. 'గ్రాండ్ కాన్యన్ సూట్' రాసిన ఫెర్డే గ్రోఫే 1950లో 'రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్' చేశాడు, అందులోనూ థెరెమిన్ ఉంది.

చిన్న నిర్మాతలకు ఎక్కువగా పనిచేసింది ఎవరు?

నేను ముగ్గురిని తప్పకుండా వినమంటాను. ఆల్బర్ట్ గ్లాసర్, 'ది అమేజింగ్ కొలోసల్ మాన్' లాంటి బర్ట్ గోర్డన్ సినిమాలు చేశాడు. ఇత్తడి వాయిద్యాలతో హోరెత్తిస్తాడు, సున్నితం తక్కువ. రోనాల్డ్ స్టైన్, అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్‌కు ఆస్థాన విద్వాంసుడిలాంటివాడు. 'ఇట్ కాంకర్డ్ ది వరల్డ్', 'నాట్ ఆఫ్ దిస్ ఎర్త్' ఆయనవే. కొద్దిమందితో రంగులు మార్చడం బాగా తెలిసినవాడు, ముగ్గురిలో నా ఓటు ఆయనకే. మూడో ఆయన ఫ్రెడ్ కాట్జ్, చికో హామిల్టన్ జాజ్ బృందంలో చెల్లో వాయించేవాడు. రోజర్ కార్మన్ తీసిన 'ఎ బకెట్ ఆఫ్ బ్లడ్', 'ది వాస్ప్ వుమన్', 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' చేశాడు. వీటిలో ఒక సినిమా సంగీతం ఇంకో సినిమాలో యథాతథంగా వినిపిస్తుంది. జాజ్‌లో చెల్లో, వెనక హత్యలు, మధ్యలో హాస్యం, ఇలాంటి కలయిక అప్పటికి ఎవరూ చేయలేదు. కాట్జ్ తర్వాత యూనివర్సిటీలో మానవశాస్త్రం బోధించాడు.

'ఫర్బిడెన్ ప్లానెట్' టైటిల్స్‌లో 'మ్యూజిక్' అని ఎందుకు వేయలేదు?

వాయిద్యకారుల సంఘంతో గొడవ వస్తుందని. 1956 నాటి ఆ సినిమా మొత్తానికి సంగీతం ఎలక్ట్రానిక్ శబ్దాలే, పూర్తి నిడివి సినిమాలో అదే మొదటిసారి. చేసింది న్యూయార్క్‌కు చెందిన లూయిస్, బేబే బారన్ దంపతులు. సంఘంలో సభ్యులు కారు, వాయిద్యం ఒక్కటీ లేదు. అందుకని 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అని వేశారు. లూయిస్ సర్క్యూట్లు కట్టి వాటికి తట్టుకోలేనంత కరెంటు పెట్టేవాడు. అవి కీచుమని, మూలిగి, చివరికి కాలిపోయేవి. ఒకసారి కాలిపోయిన సర్క్యూట్ నుంచి ఆ శబ్దం మళ్లీ రాదు, టేపులో పడిందే దక్కింది. ఆ గంటల కొద్దీ టేపులు విని, ఏరి, కోసి, అతికిన ఓపిక బేబేది. సినిమా ఎంజీఎం వారిది, ఖర్చు గట్టిగానే పెట్టారు. సంగీతం మాత్రం ఇంట్లో పెట్టుకున్న స్టూడియోలో ఇద్దరి చేతుల మీద తయారైంది.

బ్రిటన్‌లోని హామర్ కంపెనీ సినిమాల సంగీతం ఎందుకు వేరుగా ఉంటుంది?

జేమ్స్ బెర్నార్డ్ వల్ల. 1955లో సుమారు 42 వేల పౌండ్లతో తీసిన 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్'కు మొదట అనుకున్న సంగీత దర్శకుడికి జబ్బు చేసి, ఆ పని బెర్నార్డ్‌కు వచ్చింది. ఆయన తీగ వాయిద్యాలు, తాళ వాయిద్యాలు మాత్రమే తీసుకున్నాడు. పక్కపక్క స్వరాలు ఒరుసుకునేలా రాశాడు, వింటుంటే పళ్లు జివ్వుమంటాయి. బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలతోనే 'సైకో' చేయడానికి అది అయిదేళ్ల ముందు. 1958లో హామర్ 'డ్రాక్యులా' తీసినప్పుడు ఆ పేరులోని మూడు అక్షరాల్నే ట్యూన్ చేశాడు. ఆర్కెస్ట్రా 'డ్రా-క్యు-లా' అని పిలుస్తున్నట్టే ఉంటుంది, ఒకసారి విన్నారంటే ఇక వేరేలా వినలేరు.

## వినడం, వాడుకోవడం, నేర్చుకోవడం

ఒరిజినల్ సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లు దొరుకుతాయా?

కొన్నే. అప్పట్లో ఇలాంటి సినిమాలకు రికార్డులు వేయడం అరుదు, టేపుల్ని కూడా ఎవరూ పదిలంగా దాచలేదు. 1959లో కోరల్ కంపెనీ 'థీమ్స్ ఫ్రమ్ హారర్ మూవీస్' అని డిక్ జాకబ్స్ ఆర్కెస్ట్రాతో ఒక ఎల్‌పీ వేసింది, అవి మళ్లీ వాయించినవి. 'ఫర్బిడెన్ ప్లానెట్' శబ్దాలను బారన్ దంపతులే 1976లో రికార్డుగా తెచ్చారు. 90ల్లో 'మాన్‌స్ట్రస్ మూవీ మ్యూజిక్' అనే చిన్న సంస్థ పాత సినిమాల సంగీతాన్ని వెలికితీసి, పోలండ్‌లోని క్రాకో రేడియో ఆర్కెస్ట్రాతో మళ్లీ వాయింపించింది. సినిమాలో డైలాగుల కింద అణిగిపోయిన వాయిద్యాలు వీటిలో విడివిడిగా వినిపిస్తాయి. గాడ్జిల్లా సంగీతం మటుకు తేలిగ్గానే దొరుకుతుంది.

సినిమా పబ్లిక్ డొమైన్‌లో ఉందన్నారు. దాని మ్యూజిక్‌ని నా వీడియోకి వాడుకోవచ్చా?

తొందరపడకండి. 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన టైటిల్స్‌లోంచి ఎగిరిపోయి, సినిమా అమెరికాలో పబ్లిక్ డొమైన్ అయింది, అంటే హక్కు ఎవరికీ లేకుండా పోయింది. అందులోని లైబ్రరీ సంగీతం మాత్రం ముందే వేరేవాళ్ల ఆస్తి. సినిమా హక్కు పోయినంత మాత్రాన సంగీతం హక్కు పోదు. భారత చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. చదువు కోసం, విమర్శ కోసం చిన్న ముక్క వాడటం వేరు, మీ షార్ట్ ఫిల్మ్‌కి రీరికార్డింగ్‌గా పెట్టుకోవడం వేరు. రెండోదైతే కొత్తగా చేయించుకోండి.

మన తెలుగులో ఇలాంటి సంగీతం లేదా?

దగ్గరి పోలిక విఠలాచార్య జానపదాలు. అక్కడా ఖర్చు అదుపులో ఉంటుంది, దయ్యాలు, అస్థిపంజరాలు, మంత్రగాళ్లు ఉంటారు. 1964 నాటి 'అగ్గి పిడుగు', 'నవగ్రహ పూజా మహిమ'లకు సంగీతం రాజన్ నాగేంద్ర. అయితే మన సినిమాల్లో జనం గుర్తుపెట్టుకున్నది పాటలు. అమెరికా మాన్‌స్టర్ సినిమాల్లో పాటలు దాదాపు లేవు కాబట్టి బరువంతా రీరికార్డింగే మోసింది. మన జానపదాల్లో మాయలు, అదృశ్యాలు, కత్తియుద్ధాల వెనక మోగే బిట్లను కూడా ఎవరైనా కూర్చుని ఒక్కొక్కటిగా రాసిపెడితే బాగుండునని నాకు బలంగా ఉంది. ఆ పని చేయగలిగే పాతతరం వాయిద్యకారులు ఉండగానే జరగాలి.

థెరెమిన్ నేర్చుకోవాలనుంది. కష్టమా?

శబ్దం రప్పించడం చిటికెలో పని, శ్రుతిలో వాయించడం మాత్రం చాలా కష్టం. సింథసైజర్‌తో పేరు తెచ్చుకున్న రాబర్ట్ మూగ్ 1954లో కుర్రవాడిగా ఉండగా థెరెమిన్లు, వాటిని బిగించుకునే కిట్లు అమ్మడంతోనే మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఉన్న కంపెనీ థెరెమిన్లు తయారు చేసింది. కొనేముందు వీలైతే ఎవరిదగ్గరైనా ఒకసారి ప్రయత్నించండి. వేలికి తగిలే ఆనవాలు ఏదీ ఉండదు, స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. కాబట్టి ఎలక్ట్రానిక్ తంబూరా పెట్టుకుని, ముందు ఒక్క షడ్జం మీద కదలకుండా నిలబడటం సాధన చేయండి. తర్వాత పంచమం, ఆ తర్వాతే మధ్య స్వరాలు. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ మంచి ఆసరా ఉంటుంది. వాయించేటప్పుడు చెయ్యి ఒక్కటే కాదు, ఒళ్లు ఊగినా శ్రుతి మారుతుంది. పక్కన ఎవరు నడిచినా మారుతుంది. అందుకని గోడకూ, ఇంట్లోవాళ్ల రాకపోకలకూ ఎడంగా స్టాండ్ వేసుకుని, నిలబడే వాయించండి.